కోనసీమ రైతుకు చిన్న సరుకు వ్యాను: ఎంపిక, బాడీ కట్టుబడి

ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన పిదప కోనసీమ పంట చాలకాలము నీటిదారినే బయటికి పోయెడిది. కల్లమునుండి కాలువరేవువరకు ఎడ్లబండి, అటుపై పడవ. మధ్యడెల్టా కాలువలపై ధాన్యపు పడవలు, కొబ్బరి పడవలు బారులు తీరి నడిచెడివి. రోడ్లు పెరిగి, వశిష్ఠపై దిండి–చించినాడ వంతెన, గౌతమిపై యెదుర్లంక–యానాం వంతెన వచ్చిన తరువాత సరుకంతయు మోటారు బండ్లపాలైనది. అయినను తోటలోనుండి తారురోడ్డు వరకుగల దారి మాత్రము పలుచోట్ల నేటికిని ఆనాటి ఎడ్లబండి పుంతయే. ఒక ప్రక్క పంటకాలువ, మరియొక ప్రక్క బోదె, నడుమ ఒక బండి పట్టు గట్టు. చిన్న సరుకు వ్యాను కొనదలచిన కోనసీమ రైతు ఈ సంగతిని మొదట మనసునందుంచుకొనవలెను.

2005లో టాటా ఏస్ వచ్చినది మొదలు ముప్పాతిక టన్ను మోయు నాలుగు చక్రముల బండి పల్లెలకు అలవాటైనది. పిమ్మట మహీంద్రా, అశోక్ లేలాండ్, మారుతి కంపెనీల బండ్లును, టన్నుంబావు, టన్నున్నర మోయు పికప్‌లును వచ్చినవి. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టువద్దను, రావులపాలెం అరటి మార్కెట్టువద్దను ఇవన్నియు వరుసగా నిలిచియుండును. “ఏ కంపెనీ బండి కొనమంటారండీ?” అని రైతులు అడుగుచుందురు. దానికి ముందు మనము అడుగవలసిన ప్రశ్న, “మన సరుకు ఎంత తూగును?” అనునది. ఆ లెక్క రైతు తన తోటలోనే కట్టుకొనగలడు.

75 కిలోల ధాన్యపు బస్తాలు పది అయినచో 750 కిలోలు. చిన్న వ్యానుకు అదియే నిండు బరువు. పదకొండవ బస్తాకు తొట్టిలో చోటుండును, ఇరుసులో బలముండదు. 45 కిలోల యూరియా బస్తాలు పదహారు వేసికొనవచ్చును. వలిచిన కొబ్బరికాయ రకమునుబట్టి, కాలమునుబట్టి సుమారు అరకిలోనుండి 700 గ్రాములవరకు తూగును. డొక్కతోకూడిన కాయ ఇంచుమించు దానికి రెట్టింపు. నీటితోనున్న బొండము ఇంకను బరువు. కావున వేయి వలిచిన కాయలు మోయు బండిపై వేయి బొండములు వేసినచో ఏమగునో వేరుగా చెప్పనక్కరలేదు. దింపునాడు కాయలు ఏరకుండ ఇరువదింటిని తీసి తూచి, సగటు కట్టుకొనుట మేలు. డొక్కలు, గడ్డి, కొబ్బరి ఆకు మోయువారి లెక్క దీనికి భిన్నము. అవి తూకమునకు తక్కువ, చోటుకు ఎక్కువ. వారికి పొడవైన తొట్టి అవసరము, ధాన్యము మోయువానికి గట్టి ఇరుసు అవసరము.

ఇక్కడ ఒక చిక్కు కలదు. కంపెనీ చెప్పు 750 కిలోలు కంపెనీ ఇచ్చిన తొట్టితో కట్టిన లెక్క. దానిపై మనము ఇనుప జాలీ, ఎత్తు పలకలు, పైకప్పు కమ్ములు, రెండవ స్టెప్నీ బిగించితిమేని ఆ బరువంతయు సరుకులోనుండి తీసివేయవలసినదే. వంద కిలోల ఇనుము బిగించిన రైతు దింపునకు వంద కిలోల కాయ ఇంటివద్ద విడిచిపెట్టినట్లే. గ్యాసుతో నడచు బండికి సిలిండరు బరువు ఇట్లే లెక్కకు వచ్చును. బాడీ కట్టించిన తరువాత ఖాళీబండిని ఒకసారి కాటాపై నిలిపి తూయించుడు. ఆర్.సి.లో వ్రాసిన మొత్తపు బరువులోనుండి ఆ తూకమును, డ్రైవరు బరువును తీసివేయగా మిగిలినదే మీ సరుకు. ఆ అంకెను క్యాబిను తలుపు లోపలివైపు రంగుతో వ్రాయించినచో ఎక్కించు కూలీలకు సయితము తెలియును.

బరువు తేలిన పిదప దారి చూడవలెను. మొదటి తరహా టాటా ఏస్ వెడల్పు ఒకటిన్నర మీటరు, పొడవు నాలుగు మీటర్లలోపు. టన్నున్నర పికప్ వెడల్పు సుమారు 1.7 మీటర్లు, పొడవు ఐదు మీటర్ల ప్రాంతము. వెడల్పులో తేడా జానెడే కాని, బోదె దాటించు తూమువద్ద మలుపు తిరుగునప్పుడు ఆ జానెడును పొడవును కలిసి బండిని గట్టు అంచునకు నెట్టును. తోటనుండి తారురోడ్డువరకు టేపు పట్టుకొని నడచి, మిక్కిలి ఇరుకైన తూమును, మలుపును కొలిచి వ్రాసికొనవలెను. కొనుటకు ముందు అదే రకము బండిని ఒకపూట కిరాయికి పిలిచి నిండు బరువుతో ఆ దారిన నడిపించి చూచుట అన్నిటికంటె నమ్మకమైన పరీక్ష. వానకాలమున నడిపించినచో మరియు మంచిది. మన ఒండ్రుగట్టు వేసవిలో రాయివలె నుండి, ఆషాఢము వచ్చుసరికి అంచున వెన్నవలె దిగబడును. ఎదురుబండికి దారి ఇచ్చుటకై అంచునకు ఒరిగిన బండి కాలువలో పడుటకు ఇదియే ముఖ్య కారణము. ఎత్తుగా కాయలు పేర్చిన బండికి ఈ ప్రమాదము రెట్టింపు. గ్రామోద్యోగులు గట్టు దారులలో బండి ఒరిగి నిలుచుటకు అక్కడక్కడ వెడల్పు చోట్లు గుర్తించి రాళ్లు పాతించుట అవసరము.

లంక గ్రామములవారికి వేరొక కష్టము. కాజ్‌వే దాటి ఇసుకదారిలో పోవునప్పుడు ఖాళీబండి వెనుక చక్రములు తేలికై గిరగిర తిరుగును. ఇందుకు పెద్ద టైర్లు వేయించుట మందు కాదు. పెద్ద టైరు ఇంజను లాగుడు శక్తిని తగ్గించును, వేగపు ముల్లు తప్పుగా చూపును. నాలుగు బస్తాల ఇసుకను వెనుక ఇరుసుమీద వేసికొని, ఒక పలుగు, రెండు బల్లచెక్కలు బండిలో ఉంచుకొన్న చాలును. పంటుపై బండిని రేవు దాటించునప్పుడు చేతిబ్రేకు వేసి, చక్రములకు ముందు వెనుకల దిమ్మలు పెట్టవలెను.

బాడీ కట్టుబడి సరుకునుబట్టి యుండవలెను. వలిచిన కొబ్బరికాయ దొరలు సరుకు. బ్రేకు వేసినప్పుడు రాశియంతయు ముందుకు, మలుపులో ఒక ప్రక్కకు దొరలి బండిని లాగును. తొట్టి నడుమ ఊడదీయుటకు వీలైన అడ్డుపలక ఒకటి బిగించి రాశిని రెండు పాళ్లు చేసినచో ఈ దొరలుడు చాలవరకు తగ్గును. గోనెసంచులలో నింపినచో అడ్డుపలక అక్కరలేదు. బరువులో అధికభాగము వెనుక ఇరుసునకు ముందువైపు పడవలెను. వెనుక తలుపువద్ద బరువు పోగుపడినచో ముందు చక్రములు తేలి స్టీరింగు పట్టు తప్పును.

అరటిగెల సంగతి పూర్తిగా వేరు. దానికి రాపిడి, వేడి రెండును శత్రువులు. కొత్తపేట, రావులపాలెం ప్రాంతమున గెలలక్రింద ఎండు అరటాకు పరచుట వాడుకలోనున్నది. అది మంచి పద్ధతి. తొట్టి ప్రక్క కమ్ములకుగూడ పాత గోనెగాని రబ్బరుగాని చుట్టవలెను. కమ్మికి రాచుకొన్న కాయ తొక్క ఆ పూట పచ్చగా కనిపించినను మరుసటి దినమునకు నల్లబడును, ధర పడిపోవును. బరకమును గెలలపై నేరుగా వేయక, కమానుబద్దలపై జానెడు ఎత్తున కట్టినచో క్రింద గాలి ఆడును. ప్రక్కలు రేకుతో మూసివేసిన పెట్టెబాడీ అరటికి పనికిరాదు.

ధాన్యమునకు, ఎరువునకు నేల బల్లపరుపుగా నుండవలెను. జారకుండుటకై వేయు గళ్ల ఇనుపరేకు మంచిదేగాని, అంచులు వాడిగానున్నచో బస్తా చినిగి గింజ కారును. అంచులు అరగదీయించి, బోల్టు తలలను రేకులోనికి దిగగొట్టించవలెను. ప్రక్కకు దిగు మూడు తలుపుల తొట్టి ఎక్కుదింపులకు మిక్కిలి సుఖము. ఇరుకు వీధిలో వెనుక తలుపు తీయుటకు చోటులేనప్పుడు దాని విలువ తెలియును.

ఉప్పు విషయము కొంత వివరముగా చెప్పవలసియున్నది. కొత్తపేటలో పదేండ్లు నిలుచు బాడీ అంతర్వేది, అల్లవరము, కాట్రేనికోన వైపు అంతకాలము నిలువదు. సముద్రపు గాలిలోని ఉప్పు ఒక కారణము కాగా, చేప రొయ్యల ట్రేలనుండి కారు ఉప్పునీరు అంతకంటె పెద్ద కారణము. మంచు కరిగిన నీరు తొట్టి అతుకులలోనుండి ఛాసిస్‌పై, బ్రేకు గొట్టములపై, కమాను పట్టీలపై పడి లోలోపల తినివేయును. పైన రంగు నిగనిగలాడుచుండగనే క్రింద ఇనుము పొరలుగా ఊడును. కావున రొయ్య మోయు బండి నేలరేకు అతుకులను పూర్తిగా వెల్డింగుచేసి మూయించి, నేలను ఒక మూలకు కొద్ది వాలుగా కట్టించి, ఆ మూల ఒక గొట్టము పెట్టి నీటిని ఛాసిస్‌కు వెలుపలికి దింపవలెను. రోడ్డుపై కారకుండ గొట్టమునకు బిరడా పెట్టి, నీరు పోవలసినచోట తీయవలెను. అల్యూమినియము రేకును ఇనుప ఛాసిస్‌పై నేరుగా బిగించరాదు. ఉప్పుతేమలో ఈ రెండు లోహములు తాకినచోట అల్యూమినియము త్వరగా తినిపోవును. నడుమ రబ్బరు పట్టీ వేయించవలెను.

సరుకు దించిన సాయంత్రమే క్రిందిభాగమును మంచినీటితో కడుగుట అలవాటు చేసికొనవలెను. మురుగుకాలువ నీరు వేసవిలో పలుచోట్ల ఉప్పెక్కియుండును. దానితో కడిగినచో కడుగనిదే మేలు. పంటకాలువలు కట్టివేసిన నెలలలో తీరగ్రామములవారు రెండు బిందెల మంచినీరైనను ఛాసిస్‌కు కేటాయించుట నష్టము కాదు. ఏటేట వానలకు ముందు క్రింద తుప్పునిరోధక పూత వేయించవలెను. బాడీ కమ్ములలోని బోలుగొట్టములకు అడుగున చిన్న రంధ్రములుండినగాని లోపలి తేమ బయటికి పోదు.

చేయించరాని మార్పులుగూడ కలవు. అదనముగా రెండు కమాను పట్టీలు వేయించి “ఇప్పుడు టన్నున్నర మోయును” అని తలచువారు అనేకులు. పట్టీ పెరిగినను ఇరుసు అదే, బ్రేకు అదే, టైరు అదే, ఆర్.సి.లోని బరువూ అదే. బండి కుంగకుండుటవలన అధిక బరువు కంటికి కనబడదు. అంతే జరుగును. వంతెన దిగుడులో బ్రేకు పట్టనప్పుడు ఆ సంగతి తెలియును. బాడీ రకమును, ఇంధనమును మార్చదలచినచో రవాణాశాఖ అనుమతి పొంది ఆర్.సి.లో వ్రాయించవలెను. 2019 సవరణ తరువాత మోటారు వాహనముల చట్టము 194వ సెక్షను ప్రకారము అధిక బరువునకు రు. 20,000, హద్దుకు మించిన ప్రతి టన్నునకు మరి రు. 2,000 జరిమానా. సరుకు హద్దుమీరి ప్రక్కలకుగాని, ఎత్తుగాగాని పొడుచుకొనివచ్చినను రు. 20,000 జరిమానా కలదు.

దింపు కూలీలను సరుకుపై కూర్చుండబెట్టి తెచ్చుట మన ప్రాంతమున సాధారణమైపోయినది. దీనిని గట్టిగా మానుకొనవలెను. సరుకు బండిలో ఊరక ఎక్కినవారికి జరిగిన ప్రమాదమునకు బీమా కంపెనీ బాధ్యత వహించనక్కరలేదని 2002లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కూలీ కుటుంబమునకు చెల్లించవలసిన సొమ్ము యజమాని పొలముమీదికి వచ్చును. ఎక్కుదింపు కూలీలకై అదనపు ప్రీమియము చెల్లించు ఏర్పాటు కలదు. పాలసీ వ్రాయించునాడే అడిగి వ్రాయించుకొనవలెను. వారు కూర్చుండవలసినది మాత్రము క్యాబినులోనే, అదియు ఆర్.సి.లో చూపిన సీట్ల మేరకే.

మిగిలిన కాగితముల సంగతి సులభము. మొత్తపు బరువు 3,000 కిలోలు మించని సరుకు బండికి పర్మిటు అవసరము లేదు. తేలిక వాహనపు లైసెన్సుగలవారు 7,500 కిలోల మొత్తపు బరువువరకు సరుకు బండిని నడుపవచ్చునని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము స్థిరపరచినది. ఫిట్‌నెస్ పత్రము ఎనిమిదేండ్ల వయసువరకు రెండేండ్లకొకసారి, అటుపై ఏటేట తీసికొనవలెను.

ఇక కొనవలెనా, కిరాయికి పిలువవలెనా అను విషయము. ఐదెకరముల కొబ్బరితోట, ఎకరమునకు 60 చెట్లు, 45 దినముల దింపునకు చెట్టుకు ఎనిమిది కాయలు అనుకొందము. 2,400 కాయలు, వలిచినచో సుమారు 1,300 కిలోలు. చిన్న వ్యానుకు రెండు తడవలు. నెలన్నరకు రెండు తడవలకై బండి కొనుట గిట్టునా? ఐదు లక్షల అప్పు నూటికి పది వడ్డీన ఐదేండ్లకు తీసికొన్నచో నెలవాయిదా సుమారు రు. 10,600. బీమా, టైర్లు, మరమ్మతులకు నెలకు నాలుగువేలు కట్టినచో రు. 14,600. డీజిలు, డ్రైవరు ఖర్చుపోను తడవకు ఆరువందలు మిగులుననుకొన్నను నెలకు ఇరువదియైదు తడవలు తిరిగినగాని వాయిదా తీరదు. ప్రతి రైతు తన అంకెలు వేసికొని ఈ లెక్క చూచుకొనవలెను. సొంత సరుకు చాలనివారు ఇరుగుపొరుగు నలుగురైదుగురు కలిసి దింపు దినములను వరుసగా ఏర్పరచుకొని ఒకే బండి కొనుట ఉచితము. ఎవరినాడు ఎవరిదో, మరమ్మతు ఖర్చు ఎట్లు పంచుకొందురో ముందే కాగితముపై పెట్టుకొనవలెను. బంధువులైనచో మరియు ముఖ్యము.

పాతబండి కొనువారికి ఒకమాట. ఇంటింటికి రేషను అందించుటకై ప్రభుత్వము 2021 జనవరిలో 9,260 వ్యానులను ప్రవేశపెట్టినది. బియ్యపు బస్తాలకు, త్రాసుకు తగినట్లు ప్రత్యేకముగా బాడీ కట్టిన చిన్న బండ్లవి. 2025 జూన్‌నుండి ఆ విధానము నిలిచినది. అట్టి బండి అమ్మకమునకు వచ్చినచో ధరతోపాటు బాడీనిగూడ చూడవలెను. కిరాణా, విత్తనము, ఎరువు మోయుటకు అది సరిపోవును. అరటికి, బొండమునకు బాడీ మార్చక తప్పదు. ఆ ఖర్చును, ఆర్.సి. మార్పు ఖర్చును ధరలో కలిపి చూడవలెను. పాతబండి ఏదైనను పగటివెలుగులో చూచి, క్రిందికి దూరి ఛాసిస్‌ను చిన్న సుత్తితో అడుగడుగున తట్టవలెను. గణగణ మ్రోగినచోట ఇనుము ఉన్నది, బద్దుగా పలికినచోట తుప్పు ఉన్నది. కొత్తగా నల్లరంగు పూసిన ఛాసిస్‌ను ఇంకొంచెము గట్టిగా తట్టవలెను. కమాను పట్టీలను లెక్కించి, రెండు ప్రక్కలను సమానముగా నున్నవో, కంపెనీ ఇచ్చినవానికంటె ఎక్కువ ఉన్నవో చూచుకొనవలెను. ఎక్కువ ఉన్నచో ఆ బండి తన వయసుకంటె ఎక్కువ బరువు మోసినదని గ్రహించి, ధర తగ్గించి అడుగుటకంటె వేరొకదానిని వెదకుట మంచిది.