ఆదోని నుంచి భారత జట్టు దాకా.. ఎడమచేతి పేస్ బలం

ఆదోని: పత్తి మార్కెట్‌కు పేరొందిన ఆదోని, చేనేతకు నిలయమైన ఎమ్మిగనూరు.. కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతం అనగానే వ్యాపారం, మగ్గం, కరవు గుర్తుకొస్తాయి. 2022 డిసెంబరు 9న వీటి సరసన మహిళా క్రికెట్ కూడా చేరింది. 1997 జులై 28న ఆదోనిలో జన్మించిన కేశవరాజుగారి అంజలి శర్వాణి ఆ రోజు నవీ ముంబయిలోని డీవై పాటిల్ మైదానంలో ఆస్ట్రేలియాపై తన తొలి అంతర్జాతీయ టీ20 మ్యాచ్ ఆడారు. అంతకుముందు దేశవాళీ పోటీల్లో ఆంధ్ర, రైల్వేస్ జట్లకు ప్రాతినిధ్యం వహించారు.

ఎందుకంత గిరాకీ?

అంజలి ఎడమచేతి వాటం మీడియం పేసర్. ఎడమచేతి పేసర్ వేసే బంతి సాధారణంగా కుడిచేతి బ్యాటర్‌కు లెగ్‌వైపు నుంచి బయలుదేరి స్లిప్‌ల వైపు సాగిపోతుంది. కొత్త బంతి స్వింగ్ అయి లోపలికి వచ్చిందంటే ఎల్బీడబ్ల్యూ, బౌల్డ్ ప్రమాదం తప్పదు. కుడిచేతి బౌలర్లకు అలవాటు పడిన బ్యాటర్లకు ఈ కోణం కొత్తగా తోస్తుంది.

టీ20లో ఒక బౌలర్‌కు నాలుగు ఓవర్లే దక్కుతాయి. తొలి ఆరు ఓవర్లలో వలయం వెలుపల ఇద్దరు ఫీల్డర్లకే అనుమతి. ఆ సమయంలో స్వింగ్, చివర్లో యార్కర్, వేగం తగ్గించిన బంతి.. ఇవన్నీ వేయగలిగి, బ్యాటుతోనూ పది పరుగులు జోడించగలిగితేనే తుది జట్టులో చోటు నిలుస్తుంది.

వెలుగు వెంటే నీడ

2023లో దక్షిణాఫ్రికాలో జరిగిన టీ20 ప్రపంచకప్ జట్టుకు అంజలి ఎంపికయ్యారు. అదే ఏడాది ఫిబ్రవరి 13న జరిగిన తొలి డబ్ల్యూపీఎల్ వేలంలో యూపీ వారియర్జ్ రూ.55 లక్షలకు ఆమెను దక్కించుకుంది. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల జట్టులోనూ పేరు వచ్చింది. అయితే గాయం అడ్డుపడింది. ఆమె స్థానంలో పూజా వస్త్రాకర్ వెళ్లారు. 2023 సెప్టెంబరు 25న భారత జట్టు శ్రీలంకను 19 పరుగుల తేడాతో ఓడించి స్వర్ణం గెలిచినప్పుడు అంజలి ఆ జట్టులో లేరు. పేసర్ జీవితంలో శిక్షణ ఎంత ముఖ్యమో, శరీర రక్షణ అంతే ముఖ్యమని ఈ ఉదంతం చాటుతోంది.

బాలికలకు బాట ఇదీ

అండర్-15, అండర్-19, అండర్-23, సీనియర్.. బీసీసీఐ మహిళల పోటీల్లో ఇవీ మెట్లు. జిల్లా స్థాయిలో రాణించినవారు ఆంధ్ర క్రికెట్ సంఘం ఎంపికలకు చేరుకుంటారు. ఎడమచేత్తో బంతి విసిరే బాలికను చూసి ‘చేయి మార్చుకో’ అని మందలించే తల్లిదండ్రులు ఒక్కసారి ఆదోని అమ్మాయిని తలచుకుంటే చాలు.