వంశపారంపర్య జీవక్రియా లోపాలలో పరిమితాహారం

వంశపారంపర్య జీవక్రియా లోపాలు అనగా, ఆహారంలోని ఏదో ఒక పదార్థాన్ని వినియోగించుకొనుటకు కావలసిన ఎంజైము పుట్టుకతోనే లోపించడం వలన కలిగే వ్యాధులు. వీటిలో కొన్నింటికి ఆ పదార్థాన్ని ఆహారం నుండి తొలగించడమే ప్రధాన చికిత్స. అయితే దానితో పాటు ఇతర పోషకాలు కూడా తొలగిపోతాయి. వాటిని వేరే విధంగా సమకూర్చనిచో, వ్యాధి అదుపులో ఉన్నా బిడ్డ ఎదుగుదల కుంటుపడుతుంది.

బెల్లం - ఫ్రక్టోజు అసహనం

అనకాపల్లి బెల్లం మార్కెట్టుకు ప్రసిద్ధి. ఇక్కడ పులుసులోను, కొన్ని కూరలలోను బెల్లం వేయడం పరిపాటి. ఉగాది పచ్చడి, శ్రీరామనవమి పానకం సరేసరి. ఈ వ్యాధికి బెల్లం కారణం కాదు. అయితే ఇటువంటి వంటలో తీపిని పూర్తిగా తప్పించడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

బెల్లంలో అధికభాగం సుక్రోజు. అది ప్రేగులలో గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడిపోతుంది. వంశపారంపర్య ఫ్రక్టోజు అసహనం గలవారిలో ఆల్డొలేజ్ బి అను ఎంజైము లోపిస్తుంది. ఈ వ్యాధిని 1956లో తొలిసారి వర్ణించారు. తల్లిపాలలోని చక్కెర లాక్టోజు గనుక, ఆ పాలు మాత్రమే త్రాగే బిడ్డకు ఏ బాధా ఉండదు. అన్నప్రాశన పాయసంతోనో, తరువాత పెట్టే పండ్లతోనో వాంతులు మొదలవుతాయి, రక్తంలో గ్లూకోజు పడిపోతుంది. ఇదే ఆహారం కొనసాగితే కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఇటువంటి పిల్లలు పెరిగేకొద్దీ తీపిని తామే తిరస్కరిస్తారు. దానిని మారాముగా భావించి బలవంతంగా తినిపించడం ప్రమాదకరం.

అన్నం, పాలు, పెరుగు, గ్రుడ్లు, చేపలు, మాంసం వీరికి సరిపడతాయి. కనుక మాంసకృత్తులకు లోటు రాదు. లోటు వచ్చేది పండ్లు మానడం వలన: విటమిన్ సి, ఫోలేట్ తగ్గుతాయి. వీటిని మాత్రల రూపంలో ఇవ్వాలి. తీపి సిరప్పులలో సుక్రోజు గాని, శరీరంలో ఫ్రక్టోజుగా మారే సార్బిటాల్ గాని ఉండవచ్చును గనుక అవి పనికిరావు.

ఇతర లోపాలు

గెలాక్టోసీమియాలో తల్లిపాలతో సహా పాలన్నీ నిషిద్ధం. అందువలన కాల్షియం కొరత ఏర్పడుతుంది. ఉత్తరాంధ్రలో చోడి అని పిలిచే రాగులలో 100 గ్రాములకు సుమారు 350 మి.గ్రా. కాల్షియం ఉన్నది, పెద్ద పిల్లలకు చోడి అంబలి కొంత ఆదుకుంటుంది. శిశువుకు మాత్రం సోయా ఆధారిత పాలపొడి అవసరం.

ఫినైల్‌కీటోన్యూరియా వీటన్నిటికంటె కష్టమైనది. పప్పు, పాలు, మాంసం మాత్రమే గాక అన్నం కూడా కొలిచి పెట్టవలసి ఉంటుంది. ఫినైల్‌అలనిన్ లేని ప్రత్యేక మిశ్రమమే మాంసకృత్తులకు ముఖ్య ఆధారం. అటువంటి ఆహారంతో చికిత్స ఫలితాలను హార్స్ట్ బికెల్ బృందం 1953లో ప్రకటించింది. ఫినైల్‌అలనిన్‌ను పూర్తిగా మాన్పించడం కూడా తప్పే, ఎందుకనగా అది అత్యవసర అమైనో ఆమ్లం. చాలనిచో ఎదుగుదల ఆగుతుంది. పెద్దవారైన తరువాత మిశ్రమాన్ని మానివేసి, శాకాహారం మాత్రం కొనసాగించే వారిలో విటమిన్ బి12 లోపం కనబడుతుంది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికలలో మన ధాన్యాలు, పప్పుల అమైనో ఆమ్లాల వివరాలు కలవు. ఏ పదార్థం ఎంత పెట్టవచ్చునో వైద్యులు, పోషకాహార నిపుణులు వాటి ఆధారంగా లెక్కకట్టగలరు.