నాలుగు ఈకపోగులు, ఒక రాగితీగ

ఎర అనగానే మనకు గుర్తొచ్చేవి వానపాము, పిండిముద్ద, రొయ్య. వాసనకో రుచికో ఆశపడి చేప గాలానికి చిక్కుతుంది. ఈకలు, దారం, జంతువుల వెంట్రుకలు చుట్టి కట్టే ఎరకు మాత్రం వాసనా లేదు, రుచీ లేదు. ఇంగ్లీషువాళ్లు ‘ఫ్లై’ అని పిలిచే ఈ ఎర చేప కంటిని నమ్ముకునే బతకాలి. నోట్లో పడగానే అది తిండి కాదని తెలుసుకుని చేప ఉమ్మేస్తుంది. ఆలోపే గాలం పడాలి. పద్దెనిమిది వందల ఏళ్లుగా మనుషులు ఈ చిన్న పనిముట్టుకు మెరుగులు దిద్దుతూనే ఉన్నారు. రంగుల కోసం, రెక్కల కోసం వాళ్లు పడ్డ శ్రమ అంతా ఇంతా కాదు. అయినా నా లెక్కలో ఈ కథకు అసలు మలుపు బరువు దగ్గర వచ్చింది. ఎంత బరువు, గాలం మీద ఎక్కడ అన్న ప్రశ్నకు జవాబు వెతికిన ఇద్దరూ రోజూ నీళ్ల మీద బతికినవాళ్లే.

ఈ ఎర గురించి మనకు దొరికే తొలి వర్ణన రోమన్ రచయిత ఏలియన్‌ది, సుమారు క్రీ.శ. 200 నాటిది. మాసిడోనియాలో ఆస్ట్రేయస్ అనే నది దగ్గర జాలరులు గాలానికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు మెడ కింద పెరిగే మైనపు రంగు ఈకలు రెండు కడతారని ఆయన రాశాడు. నీటి మీద వాలే ఒక పురుగును చేపలు ఇష్టంగా తింటాయి కానీ, చెయ్యి తగిలితే దాని రంగూ రెక్కలూ పాడవుతాయట. అందుకే ఉన్నితో, ఈకతో దాని నకలు. ఆ తర్వాత చాలాకాలం మనకు కథ దొరకదు. 1496లో ఇంగ్లండులో అచ్చయిన గాలపు వేట పుస్తకంలో పన్నెండు ఫ్లైల వివరాలు కనిపిస్తాయి.

నకలు దేనికి? ముఖ్యంగా మేఫ్లైకి. చల్లని ఏరుల్లో ట్రౌట్ చేపకు ఇది పెద్ద తిండి. ఇది నెలల తరబడి, కొన్ని రకాలైతే ఏడాదికి పైగా, నీటి అడుగున రెక్కలు లేని పిల్లపురుగుగా గడుపుతుంది. ఈ దశనే నింఫ్ అంటారు. ఒకరోజు ఈదుకుంటూ పైకొచ్చి, పొర విడిచి, రెక్కలతో ఎగిరిపోతుంది. పెద్ద పురుగుకు తినే నోరుండదు. జతకట్టి, గుడ్లు పెట్టి, మన వానాకాలపు ఉసిళ్లలా త్వరలోనే రాలిపోతుంది. మన కంటికి కనిపించేది ఈ చివరి ఘట్టమే కాబట్టి ఫ్లై కట్టేవాళ్లందరూ శతాబ్దాల పాటు రెక్కల పురుగు మీదే ధ్యాస పెట్టారు.

దాన్ని శాస్త్రంగా మలచినవాడు ఫ్రెడరిక్ హాల్‌ఫర్డ్. నీటి మీద తేలే ఫ్లైలను ఎలా కట్టాలో చెబుతూ 1886లో పుస్తకం వేశాడు. ఇందులో భౌతికశాస్త్రం ఉంది. నీటి అడుగున ఉన్న చేపకు పైలోకం మొత్తం సుమారు 97 డిగ్రీల గుండ్రటి కిటికీలోంచే కనిపిస్తుంది. ఆ కిటికీకి అవతల నీటి పైపొర అద్దమైపోయి అడుగునున్న గులకరాళ్లనే తిరిగి చూపిస్తుంది. గాలం చుట్టూ నిలబెట్టి చుట్టిన కోడి ఈకల పోగులు ఆ అద్దాన్ని తాకిన చోటల్లా మెరుపుచుక్కలు పుడతాయి. చేపకు ముందు అందే కబురు ఆ చుక్కలే. పురుగు రెక్కల రంగు ఆ తర్వాతి సంగతి.

హాల్‌ఫర్డ్ అనుచరులు దీన్ని దాదాపు మతంలా మార్చేశారు. తేలే ఫ్లైతో తప్ప వేటాడకూడదన్నారు. జి.ఇ.ఎం. స్క్యూస్ అనే లండన్ న్యాయవాది అందుకు ఒప్పుకోలేదు. ఎముకల్లో మూలుగ తీసే సన్నని గరిటెతో పట్టిన ట్రౌట్ కడుపులోది బయటికి తీసి, తెల్లటి పళ్లెంలో నీళ్లు పోసి చూసేవాడు. అందులో ఎక్కువగా నింఫులే! చేప తినేది నీటి లోపలైతే పైన ఎర వేసి ఏం లాభం? 1910లో ఆయన పుస్తకం మొదలుపెట్టిన వాదం 1938 నాటికి లండన్ ఫ్లైఫిషర్స్ క్లబ్బులో బహిరంగ చర్చ దాకా వెళ్లింది. వాదంలో ఎవరు నెగ్గారన్నది పక్కన పెడితే, చేపను అడిగి తెలుసుకున్నవాడు స్క్యూసే.

ఇక ఫ్రాంక్ సాయర్. 1906లో పుట్టాడు. విల్ట్‌షైర్‌లో ఆవన్ నది పైభాగానికి 1928 నుంచి కాపలాదారు. నాచు కోయడం, గట్లు చూసుకోవడం, చేపల్ని కనిపెట్టుకుని ఉండడం ఆయన ఉద్యోగం. గంటల తరబడి నీళ్లలోకి చూసే ఆ మనిషి ఒక సంగతి పట్టుకున్నాడు: ఈదే నింఫ్ కాళ్లను ఒంటికి ముడుచుకుని ఈదుతుంది. మరి అందరూ ఫ్లైకి కాళ్లెందుకు కడుతున్నట్టు? ఆ కాళ్లే ఎరను నీళ్లలోకి దిగనివ్వడం లేదు. ఆయన కాళ్లు తీసేశాడు. ఆ తర్వాత దారం కూడా తీసేశాడు.

ఆయన వాడిన సరుకు రెండే: ఫెజెంట్ అనే అడవికోడి పుంజు తోక మధ్య ఈక నుంచి నాలుగు ఎర్రగోధుమ పోగులు, వెంట్రుకంత సన్నని రాగితీగ. ముందు గాలం కాడంతా తీగ చుట్టి, ఛాతీ దగ్గర మరికొన్ని చుట్లతో చిన్న గూను తేవాలి. నాలుగు పోగుల సన్నని కొసలు వంపు దగ్గర తోకలా నిలిచేలా తీగతో బిగించాలి. మిగతా పోగుల్ని అదే తీగతో మెలిపెట్టి, ముందుకు బెజ్జం దాకా చుట్టుకుంటూ రావాలి. అక్కడ తీగనూ పోగుల్నీ విడదీసి, పోగుల్ని గూను మీదుగా వెనక్కీ ముందుకీ మడిచి తీగతో కట్టేస్తే అదే రెక్కల తొడుగు. తోక, ఒళ్లు, రెక్కల తొడుగు అన్నీ ఆ నాలుగు పోగులే. కట్టుదారమూ, బరువూ, పోగుల సందుల్లోంచి తొంగిచూసే రాగి మెరుపూ ఆ ఒక్క తీగే. ఇంత పొదుపైన పనిముట్టు గాలపు వేట చరిత్రలో ఇంకోటి లేదని నా నమ్మకం.

వాడే పద్ధతిలోనూ బరువుదే పాత్ర. చేప కనిపించాక దానికి ఎగువన ఫ్లై వేసి, అది చేప ఉన్న లోతుకు దిగేదాకా ఆగాలి. ముక్కు దగ్గరికి చేరబోతుండగా గడ కొసను మెల్లగా ఎత్తాలి. ఫ్లై పైకి లేస్తుంది, రెక్కలు విప్పడానికి నింఫ్ పైకి బయలుదేరినట్టే. తిండి చేజారుతోందన్న తొందరలో చేప నోరు తెరుస్తుంది. సాయర్ దగ్గర ఈ విద్య నేర్చిన ఆలివర్ కైట్ ఇంకో అడుగు ముందుకేసి, ఈకపోగు ఒక్కటి కూడా లేకుండా ఉత్త గాలానికి రాగితీగ మాత్రం చుట్టి ట్రౌట్‌ను పట్టి చూపించాడు. కదలిక సరిగ్గా ఉంటే పోలిక లోటును చేప పట్టించుకోదని అంతకన్నా రుజువేం కావాలి? సాయర్ 1958లో ఈ సంగతులన్నీ పుస్తకంగా రాశాడు. 1980లో ఆవన్ ఒడ్డునే కన్నుమూశాడు.

చేపల్ని తినే చేపల లెక్క వేరు. వాటికి గింజంత పురుగు ఆనదు, చిన్న చేప కావాలి. 1950ల చివర్లో అమెరికాలో లెఫ్టీ క్రే, పొడవాటి కోడి ఈకల్ని గాలం వెనక భాగంలో కట్టి ‘డిసీవర్’ తయారుచేశాడు. విసిరేటప్పుడు ఈకలు గాలం వంపుకు చిక్కుకోకుండా ఉండాలన్నది ఆయన ఉద్దేశం. ఆ ఎర బొమ్మతో 1991లో అమెరికా తపాలా బిళ్ల వేసింది. పైక్ లాంటి కోరపళ్ల చేపకు ఇలాంటి ఎర వేస్తే దానికి ముందు ఉక్కుతీగ తప్పనిసరి.

అయితే డిసీవర్ అడ్డంగా ఈదుతుంది. గాయపడిన చేప అలా ఈదదు. ఒకే లోతులో నిలవలేక ముక్కు కిందికి వాలిపోతుంది, మళ్లీ తన్నుకుని లేస్తుంది. పెన్సిల్వేనియాలో సస్క్వెహన్నా నది మీద బాస్ చేపల వేటకు గైడుగా పనిచేసిన బాబ్ క్లౌజర్ వెతికింది ఈ కదలిక కోసమే. 1980ల్లో ఫ్లై సామాను చేసే వాప్సీ సంస్థ డంబెల్ ఆకారంలో సీసపు కళ్లు పోత పోసింది. క్లౌజర్ వాటిని గాలం కాడకు పైవైపున, బెజ్జానికి కాస్త వెనగ్గా కట్టాడు. బరువు పైన పడేసరికి గాలం నీళ్లలో తిరగబడి మొన ఆకాశం వైపు తిరిగింది. రాళ్లకు తగులుకునే బెడద తగ్గింది. ముక్కు బరువెక్కింది కాబట్టి తాడు లాగితే ఎర పైకి దూకుతుంది, ఆపితే తలకిందులుగా దిగుతుంది. పొట్టకు తెల్ల జింకతోక వెంట్రుకలు, వీపుకు ముదురు రంగువి, మధ్యలో నాలుగు తళుకు పోగులు, అంతే. వెంట్రుకలు పలచగా ఉండాలి. కొత్తవాళ్లు చేసే తప్పు గుత్తులుగా కట్టడమే. ఒత్తుగా కడితే నీళ్లు ఎరను మోస్తాయి, అది మునగదు. దీనికి ‘క్లౌజర్ డీప్ మిన్నో’ అని పేరుపెట్టి లోకానికి చాటింది లెఫ్టీ క్రేనే. మంచినీళ్లలోనూ సముద్రంలోనూ ఇప్పుడు ఇది లేని ఎరల పెట్టె అరుదు.

బరువుతో ఒక పాపం కూడా వచ్చింది. తెగిపడిన సీసపు గుళ్లను గులకరాళ్లనుకుని మింగిన హంసలు విషమెక్కి చచ్చిపోయాయి. 1987లో ఇంగ్లండు చిన్న సీసపు బరువుల అమ్మకాన్ని నిషేధించింది. ఈనాడు ఫ్లై కట్టేవాళ్లు ఇత్తడి, టంగ్‌స్టన్ పూసలకు మళ్లారు. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.3 గ్రాములు, టంగ్‌స్టన్‌ది 19.3. అంటే విషం లేకుండానే ఇంకా చిన్న పూసతో ఇంకా వేగంగా దిగొచ్చు. సీసపు కళ్లు కొనడానికి ఇక సాకు లేదు.

మన దేశంలో ట్రౌట్ కశ్మీరు, హిమాచల్, నీలగిరి ఏరుల్లో ఉంది, అదీ తెల్లదొరలు తెచ్చి వదిలిందే. కశ్మీరులో బ్రౌన్ ట్రౌట్ నిలదొక్కుకుంది 1900లో స్కాట్లాండు నుంచి వచ్చిన గుడ్లతో. తెలుగు నేల మీద ఆ చల్లదనం లేదు కానీ వేటాడే చేపకు కొదవ లేదు. మన చెరువుల కొర్రమీను రబ్బరు కప్ప మీదికి ఎలా ఉరుకుతుందో గాలం వేసేవాళ్లకు తెలుసు. కదిలే ఎరకు అదీ అంతే లోబడుతుంది. అయితే కొర్రమీను ఆకలి లేకపోయినా ఉరికే వేళ ఒకటుంది. ఎర్రటి పిల్లలు గుంపుగా నీటి పైకి తేలుతున్నప్పుడు తల్లీతండ్రీ కింద కాపలా ఉంటాయి, దగ్గరికొచ్చిన దేనినైనా కరుస్తాయి. అప్పుడు వాటిని పట్టడం తేలిక. పట్టేశాక ఆ పిల్లలకు దిక్కుండదు, అక్కడే కాచుకుని ఉన్న చేపలూ కొంగలూ వాటిని తినేస్తాయి. నీళ్ల మీద ఎర్ర గుంపు కనిపిస్తే దయచేసి గాలం పక్కన పెట్టండి, ఇంకో రేవుకు వెళ్లండి.