రంగును విరిచే జంట ఎంజైములు

తమిళనాడులోని తిరుప్పూర్ బనియన్ల తయారీకి ప్రసిద్ధి. అక్కడి అద్దకపు నీరు నొయ్యల్ నదిని ఎంతగా పాడుచేసిందంటే, 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు ఆ ప్రాంతపు అద్దకం, బ్లీచింగ్ యూనిట్లను మూసివేయమని ఆదేశించింది. దానితో కార్మికుల ఉపాధి దెబ్బతిన్నది. నది, ఉపాధి రెండూ నిలవాలంటే రంగునీటిని శుద్ధి చేసే మార్గాలు కావాలి. ఇంకా ప్రయోగశాల దశలోనే ఉన్న అలాంటి మార్గం ఒకదాన్ని ఈ పాఠంలో తెలుసుకుందాం.

బట్టల అద్దకంలో వాడే కృత్రిమ రంగుల్లో సగానికి పైగా అజో రంగులే. వీటి అణువులో రెండు నైట్రోజన్ పరమాణువుల మధ్య ద్విబంధం ఉంటుంది. ఆ బంధం తెగితే రంగు పోతుంది. కొన్ని బాక్టీరియాలలోని అజోరిడక్టేజ్ అనే ఎంజైము ఈ పని చేయగలదు. అయితే ఒక్కొక్క బంధాన్ని తెంచడానికి నాలుగు ఎలక్ట్రాన్లు కావాలి. వాటిని తెచ్చి ఇచ్చేది ఎన్‌ఏడీహెచ్ అనే సహఎంజైము. దాని ఒక అణువు రెండు ఎలక్ట్రాన్లనే ఇస్తుంది. కాబట్టి ఒక్కో బంధానికి రెండు అణువులు ఖర్చవుతాయి.

ఒక లెక్క చూద్దాం. మీ ప్రయోగశాలలో సూచికగా వాడే మిథైల్ రెడ్ కూడా అజో రంగే. దాని అణుభారం 269, ఎన్‌ఏడీహెచ్ అణుభారం 665. అంటే 1 గ్రాము రంగును విరవడానికి దాదాపు 5 గ్రాముల ఎన్‌ఏడీహెచ్ కావాలి! ఇంత ఖరీదైన పదార్థాన్ని ఒకసారి వాడి వదిలేయడం, నీళ్లు తోడిన ప్రతిసారీ చేదను పారేసి కొత్తది కొన్నట్లే.

చేదను మళ్లీ నింపుకునే ఉపాయం ఉంది. గ్లూకోజ్ డీహైడ్రోజినేజ్ అనే మరో ఎంజైము గ్లూకోజ్ నుంచి ఎలక్ట్రాన్లను తీసి, ఖాళీ అయిన ఎన్‌ఏడీని తిరిగి ఎన్‌ఏడీహెచ్‌గా మారుస్తుంది. అప్పుడు కొద్దిపాటి ఎన్‌ఏడీహెచ్ పదేపదే పనికొస్తుంది. ఖర్చయ్యేది గ్లూకోజ్ మాత్రమే. 1 గ్రాము మిథైల్ రెడ్‌కు అది సుమారు 1.3 గ్రాములు చాలు.

ఈ రెండు ఎంజైములను కలిపి ఒకే ప్రోటీన్‌గా తయారుచేస్తే అది సంలీన ఎంజైము. మొదటి జన్యువు చివరనున్న ముగింపు కోడాన్‌ను తొలగించి, చిన్న లంకె భాగాన్ని చేర్చి, దాని వెంట రెండవ జన్యువును అతికిస్తారు. ఈ జంట జన్యువును ఇ. కోలై బాక్టీరియాలో ప్రవేశపెడతారు. లాభమేమిటి? ఒకే తయారీ, ఒకే శుద్ధి. రెండు ఎంజైములూ ఎప్పుడూ సమాన సంఖ్యలో ఉంటాయి. అయితే లంకె మరీ పొట్టిదైతే ప్రోటీన్లు సరిగా ముడుచుకోకపోవచ్చు. ఏది ముందు, ఏది వెనుక అన్నదాన్ని బట్టి కూడా చురుకుదనం మారుతుంది. వీటిని ప్రయోగం చేసే తేల్చుకోవాలి.

ఒక ముఖ్య విషయం మరచిపోకండి. రంగు పోయినంత మాత్రాన విషం పోయినట్లు కాదు. అజో బంధం తెగితే అమైన్లు మిగులుతాయి. వాటిలో కొన్ని విషపూరితమైనవి. అందుచేత ఆ నీటిని గాలి తగిలేలా ఉంచి, ఇతర బాక్టీరియాల చేత అమైన్లను కూడా విచ్ఛిన్నం చేయించాలి. గ్లూకోజ్ నుంచి ఏర్పడే గ్లూకోనిక్ ఆమ్లం వల్ల నీరు ఆమ్లయుతం కాకుండానూ చూసుకోవాలి.

ఆలోచించండి: గ్లూకోజ్‌కు బదులు సోడియం ఫార్మేట్‌ను, దానికి తగిన ఫార్మేట్ డీహైడ్రోజినేజ్‌ను వాడితే 1 గ్రాము మిథైల్ రెడ్‌కు ఎన్ని గ్రాముల ఫార్మేట్ కావాలి? (సోడియం ఫార్మేట్ అణుభారం 68.)