మాజీ సైనికుల వ్యాపారాలకు రుసుము మినహాయింపు: టెక్సాస్ చట్టంలో ‘యాజమాన్య’ నిర్వచనం

ఉపోద్ఘాతం:

సైనికసేవ ముగించినవారు సొంత వ్యాపారం ప్రారంభించేందుకు అమెరికాలో పలు ప్రభుత్వాలు రుసుములను మినహాయిస్తున్నాయి. వీటి చర్చలో మినహాయించిన మొత్తానికే ప్రాధాన్యం ఎక్కువ. ఆ మేలు ఎవరికి చేరాలో తేల్చేది మాత్రం ‘మాజీ సైనికుల యాజమాన్యం’ అనే మాటకు చట్టం ఇచ్చిన నిర్వచనం. టెక్సాస్ రాష్ట్ర చట్టం ఆధారంగా ఈ అంశాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మినహాయింపు స్వరూపం:

ప్రభుత్వం చేసే నిర్దిష్టమైన పనికి చెల్లించేది రుసుము. అటువంటి పనితో సంబంధం లేకుండా చెల్లించవలసినది పన్ను. టెక్సాస్ చట్టం ఈ రెండింటినీ స్పృశించింది. అక్కడ పరిమిత బాధ్యత సంస్థ (ఎల్.ఎల్.సి.) నమోదుకు రుసుము 300 డాలర్లు. 2015లో చేసిన చట్టం మాజీ సైనికుల కొత్త వ్యాపారాలకు ఈ రుసుమును, మొదటి ఐదేళ్ల ఫ్రాంచైజ్ పన్నును మినహాయించింది. అయితే 2024 నుండి వార్షిక రాబడి నిర్ణీత పరిమితిని (2024, 2025లలో 24.7 లక్షల డాలర్లు) మించని ఏ వ్యాపారమైనా ఈ పన్ను చెల్లించనక్కరలేదు. కాబట్టి చిన్న వ్యాపారికి ప్రత్యేకంగా మిగిలే లాభం ప్రధానంగా రుసుము రూపంలోనే ఉంటుంది.

అర్హత - పరిమితులు:

సంస్థ నూరుశాతం మాజీ సైనికులదై ఉండాలి. యజమానులలో ప్రతి ఒక్కరూ గౌరవప్రదంగా విడుదలైనట్లు టెక్సాస్ వెటరన్స్ కమిషన్ ధ్రువీకరణ లేఖ పొందాలి. సైన్యంలో పనిచేయని భార్యకు ఒక్క శాతం వాటా ఉన్నా ఆ కుటుంబవ్యాపారం అర్హత కోల్పోతుంది. కాలపరిమితి మరొక అవరోధం. మొదటి విడత 2016 జనవరి 1 నుండి 2019 డిసెంబరు 31 వరకు, రెండవ విడత 2022 జనవరి 1 నుండి ఏర్పడిన సంస్థలకు వర్తించాయి. నడుమ రెండేళ్లలో ప్రారంభమైన వ్యాపారాలు ఏ విడతలోనూ చేరలేదు.

సమాఖ్య విధానంతో పోలిక:

2015లోనే అమెరికా కాంగ్రెస్ చేసిన మాజీ సైనికుల వ్యవస్థాపకత చట్టం, చిన్న వ్యాపారాల పాలనాసంస్థ (ఎస్.బి.ఎ.) హామీతో బ్యాంకులిచ్చే ‘ఎక్స్‌ప్రెస్’ రుణాలపై ముందస్తు హామీ రుసుమును తొలగించింది. ఇక్కడ 51 శాతం యాజమాన్యం చాలు. జీవితభాగస్వామికీ అర్హత ఉంది. అయితే రుణహామీ పథకం ప్రభుత్వానికి భారమవుతుందని బడ్జెట్ అంచనా వేసిన సంవత్సరంలో ఈ మినహాయింపు వర్తించదు.

ముగింపు:

ఒకే వ్యాపారం ఒక చట్టం దృష్టిలో మాజీ సైనికునిది, మరొక చట్టం దృష్టిలో కాదు. ‘మాజీ సైనికుల యాజమాన్యంలోని వ్యాపారం’ అనే తెలుగు పదబంధం ఈ భేదాన్ని సూచించదు. అందువల్ల ఇటువంటి చట్టాలను తెలుగులో వివరించేటప్పుడు ‘పూర్తి యాజమాన్యం’, ‘అధిక యాజమాన్యం’ అని వేరుచేసి చెప్పడం అవసరం. మూడు వందల డాలర్లు స్వల్పమే కావచ్చు. కానీ భర్త సైన్యంలో ఉన్నంతకాలం ఇంటిని నిలబెట్టిన భార్యకు వ్యాపారంలో వాటా ఇవ్వడమే అనర్హతకు కారణమైతే, ఆ నిర్వచనం చట్టం ఆశయానికే అడ్డుపడుతుంది.