యూనివర్సిటీ వస్తే వీధి మారుతుంది

ఉస్మానియా యూనివర్సిటీ అనగానే ఆర్ట్స్ కాలేజీ రాతి భవనమే కళ్లముందుకొస్తుంది. కానీ 1919లో తొలి తరగతులు జరిగింది గన్‌ఫౌండ్రీలోని అద్దె బంగళాల్లో! ఆర్ట్స్ కాలేజీ భవనం ప్రారంభమైంది 1939లో.

అప్పట్లో పాఠాలు ఉర్దూలోనే. మరి రసాయన శాస్త్రానికి ఉర్దూ పుస్తకాలెక్కడివి? అందుకే తరగతుల కన్నా ముందే, 1917లో, దారుల్ తర్జుమా అనే అనువాద శాఖ పెట్టారు. కవి జోష్ మలీహాబాదీ కూడా కొన్నాళ్లు ఇక్కడే కొలువు చేశారు. చదువు చెప్పేవాళ్లకే కాదు, అనువదించేవాళ్లకూ యూనివర్సిటీ జీతమిచ్చిందన్నమాట.

ఉర్దూ పుస్తకాల మాట వచ్చింది కాబట్టి, ఉర్దూ అచ్చుపనికి పాతబస్తీలో పేరున్న చోటు ఛత్తా బజార్. ఆ రోజుల్లో కాతిబ్, అంటే అందంగా చేతిరాత రాసే లేఖకుడు, కలంతో పేజీ రాసిస్తే, దాన్ని రాతి మీదికి దించి అచ్చు వేసేవారు. కంప్యూటర్ వచ్చాక కాతిబ్‌ల చేతిపని తగ్గిపోయింది. ఇప్పుడక్కడ ఎటు చూసినా శుభలేఖలే.

మళ్లీ ఆ రాతి భవనం దగ్గరికొద్దాం. ఉస్మానియా క్యాంపస్‌ను ఆనుకుని ఉన్న మాణికేశ్వర్ నగర్‌కు మరో పేరు వడ్డెర బస్తీ. రాయి కొట్టడం వడ్డెరల కులవృత్తి. ఆర్ట్స్ కాలేజీ ముందు ఫొటో దిగేవాళ్లు ఆ బస్తీని కూడా ఒకసారి చూసి రావాలి.

ఇక కోఠీలో ఉస్మానియా మెడికల్ కాలేజీ, మహిళా కళాశాల ఉండటం అక్కడి పాత పుస్తకాల వ్యాపారానికి కలిసొచ్చింది. నిరుడు చదివినవాళ్లు గీతలు గీసిన పుస్తకమైతే ఇంకా మంచిది, ముఖ్యమైన ప్రశ్నలు తెలిసిపోతాయి! పరీక్షలయ్యాక అదే పుస్తకం మళ్లీ అదే కొట్టుకు చేరుతుంది.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ 1974లో ఆబిడ్స్‌లో, సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్‌లో మొదలై, గచ్చిబౌలికి తరలింది. 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ యూనివర్సిటీ క్యాంపస్ కూడా అక్కడే. ఆ ఏడాదే మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరుచుకుంది. హాస్టళ్లు, మెస్‌లు, జిరాక్సు షాపులు, అద్దె గదులు అన్నీ అటువైపు పెరిగాయి. ఉర్దూ ఇంటి భాషగా ఉన్న పాతబస్తీ గల్లీలకు ఉర్దూ యూనివర్సిటీ అంత దూరం కావడం నాకు బాధగానే ఉంటుంది.

పాతబస్తీకి దగ్గరి కబురు ఒకటుంది. 1924 నాటి కోఠీ మహిళా కళాశాల 2022లో యూనివర్సిటీ అయింది. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరు మీద నడుస్తోంది. మూసీ మీద చాదర్‌ఘాట్ వంతెన దాటితే చాలు, యాకుత్‌పురా అమ్మాయి క్లాసుకు చేరుకోవచ్చు.