న్యాయం కర్మాగారం గేటు వద్ద ఆగవచ్చునా?

వ్యాపార సంస్థకు లాభార్జనే పరమావధి అనీ, సంఘంలోని అన్యాయాలతో దానికి నిమిత్తం లేదనీ కొందరి వాదన. దక్షిణాఫ్రికా అనుభవం దీనికి సమాధానం చెబుతున్నది. అక్కడ జాతివివక్ష చట్టమై ఉన్న రోజులలో, 1977లో, జనరల్ మోటార్స్ డైరెక్టర్లలో ఒకరైన నల్లజాతి మతాచార్యులు లియోన్ సలివన్ అక్కడి అమెరికన్ కంపెనీలకు కొన్ని నియమాలు ప్రతిపాదించారు. భోజనశాలలలో వేర్పాటు ఉండరాదు. సమానమైన పనికి సమాన వేతనం ఇవ్వాలి. అనేక కంపెనీలు అంగీకరించాయి. కాని లోపల సమానుడైన నల్లజాతి కార్మికుడు గేటు దాటగానే పార్లమెంటుకు ఓటు వేసే హక్కు లేనివాడే. అందువల్లనే 1987లో సలివన్ తన నియమాలు చాలవని గ్రహించి, కంపెనీలు ఆ దేశాన్ని విడిచి రావాలని కోరారు.

రేపు ఉద్యోగాలలో ప్రవేశించబోయే విద్యార్థులు గుర్తించవలసినది ఇదే: తన ఇంట వివక్షను తొలగించని సంస్థ మాటకు విలువ లేదు; తొలగించి, వెలుపలి అన్యాయం పట్ల మౌనం వహిస్తే అది సగం న్యాయమే.